ధారగా కారే కుండ

నువ్వు తాగుతున్న నీళ్ళు ఎవరి ముఖం చూసి తెచ్చుకున్నావు?

నిన్నే అడుగుతున్నాను. గూట్లో ఆ కుండ పెట్టే ముందు దాని అడుగు తట్టి చూశావా? ఒక్క గ్లాసు నిండడానికి ఎంతసేపు పట్టిందో కూర్చుని చూశావా? లేదు. చేతిలో పట్టుకు తిరిగే దర్పణంలో ఒక ముసలాయన బొమ్మ చూశావు. తెల్లటి గడ్డం, అంతకంటే తెల్లటి పళ్ళు, చేతిలో కర్ర, ఎదురుగా కుండ, కుండలోంచి ధార. అది చాలనుకున్నావు. కళ్ళు రెండూ దర్పణానికి అమ్ముకున్నవాడికి చెయ్యి ఎందుకు, ముక్కు ఎందుకు, బుద్ధి ఎందుకు?

ఆ బొమ్మలోని మనిషిని నేనే. పేరు జెకర్యా, ఊరు తుమ్మలగట్టు, పుట్టుక కుమ్మరి ఇంట. నన్ను ఎవరూ సేవకు నియమించలేదు. ఏ బడిలోనూ నేను వాక్యం చదువుకోలేదు. వరదలో కొట్టుకొచ్చిన గ్రంథం ఒకటి దొరికితే ఎండబెట్టుకుని, అంటుకుపోయిన పేజీలను ఊదుకుంటూ విడదీసుకుని, నాకు నేనే నేర్చుకున్నాను. అప్పటినుంచి అది నా చంకలోనే ఉంది. ఈ రోజుల లెక్క నా కోసం రాసుకున్నది. ఇప్పుడు నీ కోసం. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తుంది. తిట్టు. పుస్తకం మాత్రం మూయకు.

గట్టు తెగిన ముప్పై ఏడో ఏడు, 58వ రోజు

పొద్దున్నే సలోమి కుండలు కాల్చిన ఆవం విప్పింది. సలోమి నా చెల్లెలు. నాన్న పోయాక ఆయన చెయ్యి ఆమెకే వచ్చింది, నాకు నోరు మాత్రమే వచ్చింది. నాలుగు తట్టల మట్టికి ఒక తట్ట ఊక. ఆవంలో ఊక కాలిపోయి కంటికి కనిపించని సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచి నీరు దిగుతుంది, రోగం దిగదు. సముద్రం పొలాల్లోకి వచ్చి కూర్చున్న నాటినుంచి ఈ గట్ల మీద మనుషులు బతుకుతున్నది ఆ సందుల మీదే.

దించిన ప్రతి కుండనూ నీళ్ళతో నింపి దండెకు వేలాడదీస్తాం. కింద గ్లాసు పెట్టి ఐదు చరణాల కీర్తన నిదానంగా పాడతాం. కీర్తన పూర్తి కాకముందే గ్లాసు నిండితే ఆ కుండ చెడ్డది. ఇవాళ పంతొమ్మిదింటిలో మూడు అలా నిండాయి. సలోమి మూడింటినీ నేలకేసి కొట్టింది.

సరుకు పడవ ఇవాళ కూడా మా రేవు దగ్గర ఆగలేదు. పదకొండు రోజులైంది. చూపులున్న రేవులోనే పడవ ఆగుతుందట. చూపులంటే దర్పణంలో నీ సరుకు బొమ్మ మీద నిలిచిన కళ్ళు. అక్షరం వేయకూడదు, మాట చెప్పకూడదు, బొమ్మ ఒక్కటే. ఆదిలో వాక్కు ఉందని నమ్మిన వంశం మాది. ఇప్పుడు బియ్యం కావాలంటే వాక్కు నోరు మూసుకుని ముస్తాబై నిలబడాలి.

66వ రోజు

దర్పణం వాళ్ళు ఒక పిల్లను పంపారు, పేరు తేజోవతి. చిన్న వ్యాపారాలకు బొమ్మలు దిద్దిపెట్టడం ఆమె ఉద్యోగం. కుండలను ఎండలో పెట్టింది, నీడలో పెట్టింది, వెనక పచ్చటి గుడ్డ కట్టింది. చివరికి నీరసంగా గట్టు మీద కూర్చుంది.

"తాతగారూ, ఈ కుండ చూస్తే దాహం వెయ్యట్లేదండి. భయమేస్తోంది."

"మా అన్నయ్యని చూసినా అంతేనమ్మా, అలవాటైపోద్ది," అంది సలోమి.

మంచి వడపోత కుండ అందంగా ఉండదు. నల్లటి మచ్చలుంటాయి, చెమట పడుతుంది, నెల తిరిగేసరికి నాచు పడుతుంది. నేను గ్రంథం తెరిచి ఆ పిల్లను నిలబెట్టి కడిగేశాను. కొండ ఎక్కినవాడు దిగడం ఆలస్యమైందని చెవిపోగులు కరిగించి దూడను పోతపోసుకున్న జనం కథ చెప్పాను. కళ్ళతో చూస్తే తప్ప దేవుణ్ణి నమ్మలేని జాతికి ఏం జరిగిందో కర్ర ఎత్తి మరీ చెప్పాను. ఆమె శ్రద్ధగా వింటోందనుకున్నాను. వినడం లేదు. బొమ్మ తీస్తోంది.

70వ రోజు

కర్ర ఎత్తిన నా బొమ్మ మీద నాలుగు వేల చూపులు నిలిచాయి. ఇవాళ సరుకు పడవ మా రేవులో ఆగింది. బియ్యం దిగాయి, పప్పు దిగింది, గట్టు మీద ఇళ్ళన్నింటికీ పంచారు. పిల్లలు నా వెంట పడి కర్ర ఎత్తమని అడిగారు. ఎత్తాను.

శత్రువు గుమ్మంలోంచే వాక్యం లోపలికి వెళ్తోందని సలోమితో అన్నాను. బొమ్మ కింద నా ప్రసంగంలో ఒక్క మాటైనా ఉందా అని ఆమె అడిగింది. మాటెందుకు, నా ముఖంలోనే వాక్యం ఉందన్నాను. ఈ మాట అన్నది నేనే. కొట్టెయ్యకుండా ఉంచుతున్నాను.

79వ రోజు

తేజోవతి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు కదిలే బొమ్మ కావాలట. జనం ఒక బొమ్మ మీద మూడు ఊపిర్ల సేపు నిలుస్తారట, ఆ పైన వేలు జారిపోతుందట. మూడు ఊపిర్లలో మా కుండ నుంచి పడేది ఒక్క చుక్క. చుక్కను ఎవరు చూస్తారు తాతగారూ, అంది.

అప్పుడే నాకు ఆ ఎడారి గుర్తొచ్చింది. దప్పికతో సణిగే జనం, ఎండిన బండ, కర్రతో కొట్టిన దెబ్బ, పొంగి పారిన నీరు. నా చేతిలో కర్ర ఉంది. ఎదురుగా కుండ ఉంది. నేను కొడతాను, నీరు పొంగాలి. ఇంతకంటే గొప్ప బొమ్మ ఏ వ్యాపారి తీయగలడు?

సలోమిని ఒక కుండకు ఊక రెట్టింపు కలపమన్నాను.

"ఊక ఎక్కువైతే అది కుండ కాదన్నయ్యా, జల్లెడ."

"ఒక్కటే. బొమ్మ కోసం."

"బొమ్మలో ఏది కనిపిస్తే అదే కదా జనం అడిగేది. రేపు వాళ్ళకేం చెప్తావు?"

జవాబు లేనప్పుడు నేనేం చేస్తానో నా సంఘంలో అందరికీ తెలుసు. గ్రంథం తెరిచాను. లోబడడం గురించి, అవిశ్వాసం గురించి నాలుగు చోట్ల వేలు పెట్టి గట్టిగా చదివాను. ఆమె చేతులు మట్టిలో ఉన్నాయి, చెవులు మూసుకోలేకపోయింది. నేను చదవడం ఆపేలోపు రెండో తట్ట ఊక మట్టిలో పడింది.

88వ రోజు

ఆవం విప్పాం. కుండను రాళ్ళ మధ్య నిలబెట్టారు. కర్రతో దాని పక్కనున్న రాతిని కొట్టాను, తేజోవతి చెప్పినట్టే సలోమి వెనకనుంచి నీళ్ళు పోసింది. కుండ అడుగంతా ధారలు కట్టింది. నేను కళ్ళెత్తి ఆకాశం చూశాను. అలా చూడమని ఎవరూ చెప్పలేదు, అది నా సొంతం.

సాయంత్రానికి రెండు లక్షల చూపులు.

97వ రోజు

పది గట్ల నుంచి అడుగుతున్నారు. ధార కుండే కావాలట. కిందటి వారం లాకు అవతల చింతలమెట్టకు పంపిన మంచి కుండలు తిరిగొచ్చాయి, కారడం లేదని, చెడిపోయాయని. చుక్క చుక్కగా కారడమే వాటి పని అని ఒక్కడికీ తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఆ చుక్కలు తాగే వీళ్ళ పిల్లలు పెరిగారు. మూడు ఊపిర్ల బొమ్మ ఒకటి చూసి ముప్పై ఏళ్ళు మరిచిపోయారు. బుద్ధిలేని తరం.

ఆవం మొత్తం రెండు తట్టల ఊకతోనే కాల్చమని సలోమికి చెప్పాను. 

115వ రోజు

ఆవం విప్పిన ప్రతిసారీ సలోమి దండెకు కుండలు వేలాడదీసింది కానీ పాడలేదు. ఎందుకు పాడడం లేదని అడిగాను.

"ఎందుకన్నయ్యా, పల్లవి దాటకుండానే గ్లాసులు నిండిపోతున్నాయి."

ఇప్పటికి నూట డెబ్భై కుండలు గట్లకు అమ్ముడుపోయాయి. ఆదివారం నాడు విశ్వాసం గురించి ప్రసంగించాను. విశ్వాసముంటే చుక్క ధార అవుతుందన్నాను. ఆమెన్ అన్నారు. దర్పణంలో చూసిన ముఖమే ఎదురుగా చెబుతుంటే ఆమెన్ అనక ఏమంటారు?

131వ రోజు

లాకు కాపలా ఉండే వీరభద్రం చెప్పాడు, చింతలమెట్టలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయట. కుమ్మరి వీధిలో ఒక ముసలాయన, పడవలవాళ్ళ ఇంట్లో ఇద్దరు పోయారట. చెరువు చెడిపోయి ఉంటుందన్నాను. ఆ మాట ఎంత తొందరగా అన్నానంటే, వీరభద్రం నా ముఖంలోకి చూశాడు.

ఇంటికొస్తే సలోమి కిటికీలో రెండు గాజు సీసాలు పెట్టి ఉంచింది. మూడు రోజుల కిందట మా చెరువు నీళ్ళే రెండు కుండల్లో పోసి, దిగినవి పట్టి, మూత బిగించి ఎండలో పెట్టిందట. ఒకటి పాత కుండది, తేటగా ఉంది. రెండోది ధార కుండది, అడుగున జిగురు పట్టి ఆకుపచ్చగా తిరిగింది. అంత మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే గ్రంథం తెరిచేవాణ్ణి. సీసాకు ఏ వాక్యం చదివి నోరు మూయించను?

ఎడారిలో బండను కొట్టినవాడికి ఏమైందో ఆ తర్వాత చదివాను. ఎన్నోసార్లు చదివిందే. నీళ్ళు వచ్చాయి, జనం తాగారు. కొట్టినవాణ్ణి మాత్రం దేవుడు ఆ దేశంలోకి రానివ్వలేదు. బండతో మాట్లాడమంటే కర్రతో కొట్టాడు, జనం ముందు తాను గొప్పవాడు కావాలని. ఆ పేజీ ఇన్నాళ్ళూ నేను ఎలా దాటి వెళ్ళానో నాకే తెలియదు.

136వ రోజు

చింతలమెట్ట వెళ్ళాను. మొదట అప్పాయమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె మనవరాలు మూడేళ్ళ పిల్ల, చాప మీద పడి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి, పెదవులు ఎండి చీలాయి. పిల్ల పక్కనే గూట్లో నా కుండ ధారగా కారుతోంది. అప్పాయమ్మ ఆ నీళ్ళే చెంచాతో పిల్ల నోట్లో పోస్తోంది.

ఆ కుండ నేను పంపిందేనని, అది రోగాన్ని ఆపదని, పగలగొట్టడానికే వచ్చానని చెప్పాను. ఆమె కొంగులోంచి దర్పణం తీసి నా బొమ్మ చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బొమ్మ చూసింది. నేను కూడా చూశాను. నెలన్నరలో వాళ్ళు దానికి ఎంత మెరుగు పెట్టారో నాకు తెలియదు. బొమ్మలో గడ్డం తెల్లగానే ఉంది కానీ ముఖానికి యాభై ఏళ్ళు కూడా లేవు. భుజాలు వెడల్పయ్యాయి. ఊడిపోయిన నా ముందు పళ్ళు మళ్ళీ మొలిచాయి.

"ఆయన పళ్ళు చూడు, నీ పళ్ళు చూడు. ఎవరయ్యా నువ్వు, ఆయన పేరు చెప్పుకుని మా ఇంటిమీద పడ్డావు?"

"నేనే అప్పాయమ్మా. జెకర్యాని. మీ పెళ్ళికి కుండలు మా నాన్నే..."

"ఆ మహానుభావుడి కుండే నా పిల్లని నిలబెడతంది. దాని మీద చెయ్యేస్తే చెయ్యి ఇరిచేస్తాను."

కుండ అందుకోబోయాను. కేక పెట్టింది. వీధివాళ్ళు వచ్చారు. గ్రంథం చూపించాను, దొంగిలించానన్నారు. వాక్యం చెప్పాను, సాతానుకూ వాక్యం వచ్చన్నారు. అది నేను ఎన్నో ఏళ్ళు వాళ్ళకు నేర్పిన మాటే. రేవు దాకా ఈడ్చుకొచ్చి బురదలో తోశారు. ఒక్క కుండ కూడా పగలలేదు.

138వ రోజు

దర్పణంలో రాయడానికి లేదు కనుక చూపించాలనుకున్నాను. ధార కుండ ఒకటి పగలగొట్టి, ఆ పెంకుల బొమ్మ పెట్టాను. ఒక పూట గడిచేసరికి దర్పణం దానికి మెరుగు పెట్టింది. పెంకులు అతుక్కుని మళ్ళీ కుండ అయ్యాయి. కుండలోంచి ధార కారుతోంది. పక్కన నేను నవ్వుతున్నాను.

తేజోవతి వచ్చింది. ఆ బొమ్మ తీసెయ్యమన్నాను, చింతలమెట్ట సంగతి చెప్పాను. విరిగిన వస్తువు మీద చూపు నిలవదు కనుక మెరుగు దానంతటదే అతికిస్తుందని, అది ఆపడం తన చేతిలో లేదని చెప్పింది. నా ముఖం నాకు తిరిగివ్వమన్నాను.

"ఇప్పుడది మీ ముఖం కాదండి తాతగారూ. మీకంటే దాన్ని ఎక్కువమంది చూశారు."

నేను ఆ పిల్లను శపించడానికి నోరు తెరిచాను. తెలిసి చేసినవాణ్ణి నేను ఇక్కడ కూర్చుని ఉండగా, తెలియక చేసిన పిల్లను ఏమని శపించను? సున్నం కొట్టిన సమాధి తెల్లగా ఉండడం సున్నం తప్పా?

141వ రోజు

చేతిలో సుత్తి పట్టుకుని మళ్ళీ బయలుదేరాను. లాకు తలుపు తెరుచుకోలేదు. లాకు ముఖం చూసి తెరుస్తుంది. గట్ల మీది ముఖాలన్నీ దానికి అందేది దర్పణం నుంచే. ఐదు రోజుల కిందట నాకు తెరుచుకుంది, ఇప్పుడు జెకర్యా అనే మనిషికి అక్కడ వేరే ముఖం చేరింది. జెకర్యా పేరు చెప్పుకుని చింతలమెట్టలో ఎవరో ముసలాడు కుండలు పగలగొట్టబోయాడని ఫిర్యాదు కూడా ఉంది.

"నాకు తెలుసు మావా, నువ్వే. తలుపుకి తెలీదు," అన్నాడు వీరభద్రం. చేత్తో తెరవడానికి అతను ఎంతో ప్రయత్నించాడు. గొలుసు కదలలేదు.

అతని దగ్గర రెండు కబుర్లున్నాయి. ఎల్లుండి పెద్ద పోటు. సముద్రం ఎగదన్ని, దొడ్లూ శవాలు కాల్చిన గట్లూ కడుక్కుని చెరువులన్నింటిలోకి వస్తుంది. ఆ నీళ్ళు ధార కుండలో పోసుకున్న ఇల్లు ఇల్లంతా పడుకుంటుంది. రెండో కబురు, అప్పాయమ్మ మనవరాలు ఇంకా బతికే ఉంది. నిన్న సాయంత్రం కళ్ళు తెరిచి ఇంకా నీళ్ళు కావాలందట.

నీళ్ళు పోశారు. అదే కుండలోవి.

142వ రోజు

ఈ పొద్దున సలోమి పడవ సిద్ధం చేసింది. ఇన్ని నెలల్లో ఒక్కరు కూడా ఆమె బొమ్మ తీయలేదు. కుండ చేసిన మనిషి చేతులకు మట్టి ఉంటుంది కదా, చూపులు నిలవవని. కనుక లాకు దగ్గరున్న పాత ముఖమూ ఆమె మెడ మీదున్న ముఖమూ ఇంకా ఒకటే. తలుపు తెరుచుకుంటుంది. నిన్న పగలంతా సంఘంలో రాయడం వచ్చిన తొమ్మిదిమంది కూర్చుని ఈ రోజుల లెక్కకు నకళ్ళు రాశారు. వాటిని నూనె గుడ్డలో చుట్టి ఆమెకిచ్చాను. ప్రార్థన చేస్తానన్నాను.

"ప్రార్థన తర్వాత. ముందు వాళ్ళకి తప్పు నాది అని రాశావా?"

రాయలేదు. ఆమె పడవలో నిలబడి ఉండగా నకళ్ళు మళ్ళీ విప్పి ఒక్కొక్కదాని చివరా రాస్తున్నాను. తప్పు నాది. ఊక రెట్టింపు చేయించింది నేను. వద్దన్న మనిషి నోరు వాక్యంతో మూయించింది నేను. చింతలమెట్టలో పోయిన ముగ్గురి రక్తం నా చేతుల మీద ఉంది. నువ్వు నన్ను రాళ్ళతో కొట్టాలనుకుంటే తుమ్మలగట్టు రేవులో కూర్చుని ఉంటాను, ఎక్కడికీ పోలేను. కానీ రాయి ముందు ఆ కుండకు తగలాలి.

ఇక చదవడం ఆపి లేచి నిలబడు. నీ కుండ నింపి కింద గ్లాసు పెట్టు. నీకు వచ్చిన పాట ఏదైనా సరే, ఐదు చరణాలది, నిదానంగా పాడు. పాట కాకముందే గ్లాసు నిండిందా, కుండను వాకిట్లో పగలగొట్టు. అది అందంగా ఉందని ఉంచకు, అరువు తెచ్చుకున్నదని ఉంచకు, మొక్కలకు పోస్తానని కూడా ఉంచకు. ఇవాళ్టినుంచి నీళ్ళు తెర్లేదాకా మరిగించి తాగు. ఇంట్లో ఎవరైనా రోగంతో పడుకుని ఉంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా పట్టు. వాంతి చేసుకున్నా ఆపకు. కాస్త ఆగి మళ్ళీ పట్టు.

పక్కింట్లో చదవడం రానివాళ్ళు ఉంటారు. వాళ్ళ దర్పణంలో నేను ఇప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాను, వాళ్ళు నన్నే నమ్ముతారు. వాళ్ళతో వాదించకు, సమయం లేదు. వాళ్ళ గ్లాసు వాళ్ళ కుండ కిందే పెట్టి, వాళ్ళ ఎదుటే పాడు. తర్వాత ఈ పుస్తకం నీ రేవులో కదులుతున్న మొదటి పడవలో వెయ్యి. అది చింతలమెట్టకు పోయేదైతే నువ్వు కూడా ఎక్కు. అప్పాయమ్మ ఇల్లు రేవు నుంచి మూడోది, ఆమె కేకలు వేస్తుంది, కొడుతుంది, ఓర్చుకో. పిల్ల నోటి దగ్గరనుంచి ఆ చెంచా లాక్కో. ఆదివారం దాకా ఆగకు, పోటు తగ్గాక చూద్దామనకు. ఈ పూటే బయలుదేరు.